తరవాతేటి?

లాప్‌టాప్ మూడుసార్లు కుయ్‌మని ఊరుకుంది. తెర నల్లగానే ఉంది.

"నిన్నటిదాకా బాగానే నడిసేది కదా బాబూ," అన్నాడు ముసలాయన.

లోకనాథం తల ఎత్తలేదు. కొత్త ర్యామ్ కార్డు వేసింది తనే. పాతదానికి తోడు ఇంకోటి వేస్తే గుర్రంలా పరిగెడుతుందని ఒప్పించిందీ తనే. ఇప్పుడు అడుగు కూడా వెయ్యడం లేదు.

"మద్దినేళ షిప్పెక్కాల. క్యాంప్‌బెల్ బే, మా దీవికి. ఇది తప్పితే మళ్లీ ఎప్పుడో! సోమవారం అమ్మాయికి ఇందులోనే పరీక్ష."

"చేస్తున్నా కదా బాబాయ్. కూర్చోండి."

బయట వాన మొదలైంది. ఈ దీవి ఊరు డెలానీపూర్‌లో వాన నిలువుగా పడదు, అడ్డంగా దుకాణాల్లోకి వచ్చేస్తుంది. సామాన్లు తడుస్తాయని లోకనాథం షట్టర్ సగానికి లాగాడు.

ఉప్పుగాలికి తుప్పు పట్టిన స్ప్రింగు టప్పున తెగింది. షట్టర్ మొత్తం ధన్‌మని కిందికొచ్చి కూర్చుంది. ఆ వెంటనే కరెంటు పోయింది.

ఇద్దరూ కలిసి లేపబోయారు. అంగుళం కదల్లేదు. వెల్డింగ్ షాపు దేవేంద్రకి ఫోన్ చేస్తే, జంగ్లీఘాట్‌లో ఇరుక్కున్నాను, వాన తగ్గగానే వస్తానన్నాడు.

లోకనాథానికి చెమటలు పట్టాయి.

మూసిన తలుపంటే వాడికి ప్రాణం మీదికొస్తుంది. ఇంట్లో తన గదికి తలుపే తీయించేశాడు. పెళ్లయితే ఏం చేస్తావురా అని స్నేహితులు ఆటపట్టిస్తారు. వాళ్లకేం తెలుసు? సునామీనాడు హట్ బేలో ఇల్లు మునిగినప్పుడు తలుపు తెరుచుకోలేదు. అప్పుడు వాడికి తొమ్మిదేళ్లు.

ఆనాటి చీకటే ఇప్పుడు షాపులోకి వచ్చింది. షట్టర్‌ని రెండు చేతులా బాదాడు.

"తియ్యండి! ఎవరైనా తియ్యండి!"

ఆ వానలో ఎవరికి వినబడుతుంది?

వెనక టేబుల్ మీద, వేలి కణుపుతో కొట్టినట్టు, టక్ టక్‌మని చప్పుడైంది.

"బాబూ, ముందుగా ఏటి సేస్తావు?"

"దేనికి?"

"మా అమ్మాయి లాప్‌టాప్‌కి."

మతి ఉందా ఈ మనిషికి అనుకున్నాడు లోకనాథం. ఒళ్లు మండింది. అయినా నోటికి అలవాటైన జవాబు వచ్చేసింది.

"ఛార్జర్ తీసెయ్యాలి. బ్యాటరీ ఊడదియ్యాలి."

"తియ్యి. నేను ఫోన్ లైటు పడతాను."

తీశాడు. టక్ టక్.

"తరవాతేటి?"

"పవర్ బటన్ కాసేపు నొక్కి పట్టుకోవాలి. లోపల మిగిలిన కరెంటు పోతుంది."

టక్ టక్. "తరవాతేటి?"

"కొత్త కార్డు తీసేసి, పాతదాంతో చూడాలి."

చూశాడు. బ్యాటరీ పెట్టి నొక్కితే మళ్లీ కుయ్‌మంది. పాతది తీసి కొత్తది ఒక్కటే పెట్టాడు. అదే ఏడుపు.

"మీకు భయం లేదా బాబాయ్?"

"ఎందుకు లేదూ? మాట ఆగితే ఇంకా ఎక్కువవుతాది. తరవాతేటి?"

లోకనాథం పాత కార్డుని లైటు దగ్గర పెట్టి చూశాడు. దాని బంగారు రంగు పళ్ల మీద పచ్చగా సముద్రపు చిలుము. కార్డు కూర్చునే గాడిలోనూ అంతే. ఇన్నాళ్లూ కదపలేదు కాబట్టి నడిచింది. తను కదిపాడు, ఆగింది.

పెన్సిల్ రబ్బరుతో పళ్లు రుద్దడం మొదలుపెట్టాడు.

"దేవేంద్ర రాగానే మీరు జెట్టీకి పొండి. ఇది తరవాతి షిప్పుకి పంపిస్తా."

"వద్దు బాబూ. సగంలో వదిలేసి దిగిపోతే ఎలాగుంటాదో నాకు తెలుసు. ఇంకెవరిదో ఏడుపు వినబడిందని ఒకసారి దిగిపోయాను. మళ్లీ ఎనక్కి రాలేకపోయాను. ఇప్పటికీ నిద్దట్లో ఉలిక్కిపడతాను."

ఏం పనో, ఎక్కడ దిగాడో లోకనాథం అడగలేదు. గాడిని స్పిరిట్ బ్రష్‌తో తుడుస్తున్నాడు.

టక్ టక్. "తరవాతేటి?"

"గట్టిగా నొక్కాలి. క్లిక్ అనాలి."

క్లిక్‌మంది. రెండో కార్డూ క్లిక్‌మంది. బ్యాటరీ పెట్టి బటన్ నొక్కాడు.

తెర వెలిగింది. షాపంతా నీలంగా కనబడింది. షట్టర్ ఇంకా మూసే ఉందన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది.

బయట ఇనపరాడ్ చప్పుడు. "పీఛే హటో భయ్యా!" అని, వెనక్కి జరగమంటూ దేవేంద్ర కేక. షట్టర్ కీచుమంటూ లేచింది.

ముసలాయన లాప్‌టాప్‌ని పాలిథిన్ కవర్లో చుట్టి చంకలో పెట్టుకున్నాడు. "వస్తాను బాబూ," అని భుజం తట్టి, ఆటో ఎక్కి జెట్టీకి వెళ్లిపోయాడు. హమ్మయ్య, ఈ ప్రశ్నల గోల వదిలింది అనుకున్నాడు లోకనాథం.

వాన వెలిశాక లోకనాథం తల్లి తాతమ్మ అన్నం తెచ్చింది. చేతిలో రెండు అరిటాకులు కూడా ఉన్నాయి.

"రేపు ఇరవయ్యారు కదరా. ఒకటి మీ నానకి, ఒకటి ఆ మారాజుకి."

సునామీలో ఆమె మొగుణ్ని సముద్రం తీసుకుపోయింది. కొడుకు మాత్రం కొబ్బరిచెట్టుకి తువ్వాలుతో కట్టేసి దొరికాడు. కూలిన ఇంటి నీళ్లలోంచి లాగి కట్టినవాడెవరో చెట్టు అవతలి పక్కనుంచి పట్టుకుని, సాయంత్రం దాకా మాట్లాడిస్తూనే ఉన్నాడట. మొహం కనబడలేదు. చీకటి పడేలోగా ఆ గొంతు ఆగిపోయింది. పాపం, పోయుంటాడని తాతమ్మ ఏటా సముద్రపొడ్డున ఆయన పేరునా ఆకు వేస్తుంది.

"ఏటిరా ఆ చెమట?"

"షట్టర్ పడిపోయిందమ్మా. లోపలే ఉండిపోయాను."

"అయ్యో నా బాబే! ఎలాగున్నావురా?"

"ఒకాయన ఉన్నాడు. ఊరికే ప్రశ్నలు. బల్ల మీద ఇలా కొట్టడం, తరవాతేటి అనడం..."

కణుపుతో కొట్టి చూపించాడు. టక్ టక్.

చెయ్యి అక్కడే ఆగిపోయింది. చెట్టు అవతలి నుంచి, మాను మీద, ఇదే చప్పుడు. ఆ గొంతు అడుగుతోంది, మీ నాన పడవ పక్కన ఎవరి పడవ? తరవాతేటి?

జెట్టీ వైపునుంచి షిప్పు కూత పొడుగ్గా వినబడింది.

లోకనాథం తల్లి చేతిలోంచి ఆ మారాజు ఆకు తీసి పక్కన పెట్టాడు. "రేపటికి ఒక్కటి చాలమ్మా."