గోడ మీద ఆవిడ

"ఎవరండీ ఆవిడ?"

కిటికీ ఊచలు పట్టుకుని నిలదీసింది భార్య. పెయింటర్ చేతిలో కుంచె ఆగిపోయింది. గోడకేసి చూశాడు. భార్యకేసి చూశాడు.

"నువ్వేనే," అన్నాడు చివరికి, నీళ్లు నములుతూ.

"నేనా! నా మొహం నాకు తెలీదా? ఆ కోలమొహం నాదా? గడ్డం మీద ఆ పుట్టుమచ్చ నాదా?"

నిజమే. గోడ మీద కూర్చున్న మనిషికీ కిటికీ అవతల నిలబడ్డ మనిషికీ ఎక్కడా పోలిక లేదు.

జ్వరం తగ్గి అతను ఆస్పత్రి నుంచి వచ్చి ఆరు రోజులైంది. పద్నాలుగు రోజులు ఎవరికీ తగలకుండా విడిగా ఉండమని చెప్పి పంపారు. పెరటి గది అతనికిచ్చేశారు. పళ్లెం గడప దగ్గర, మాటలు కిటికీలోంచి. మొదటి రెండు రోజులూ పిచ్చెక్కినట్టయింది. కళ్లు మూస్తే చాలు, ఎవరో గుండెల మీదెక్కి కూర్చున్నట్టు ఊపిరి అందేది కాదు. మూడో రోజు మంచం కింద పాత రంగు డబ్బాలు కనిపించాయి. దుకాణాల బోర్డుల మీద అక్షరాలు రాయడమే తప్ప తనకోసమంటూ ఏనాడూ గీత గీసుకున్నవాడు కాదు. ఊరికే కిటికీ పక్కన ఒక తీగ వేశాడు. తీగ మీద ఒక పిట్ట. పిట్ట కింద ఒక ఏరు. ఏట్లో నీళ్లకు మెరుపు అద్దుతూ ఉండగానే పొద్దు వాలిపోయింది. ఊపిరి సంగతే మర్చిపోయాడు.

ఆ ఏటి ఒడ్డున భార్యను కూర్చోబెట్టాలని ముచ్చటపడ్డాడు. అక్కడే వచ్చింది చిక్కు.

"ముప్ఫై ఏళ్ల కాపురంలో నా బొమ్మ ఒక్కటంటే ఒక్కటి వెయ్యలేదు. ఇప్పుడు తీరిక దొరికితే ఎవర్ని వేస్తున్నారో చూడండి!"

"ఒట్టు. ఆవిణ్ణి నేనెప్పుడూ చూళ్లేదే."

"చూడకుండా పుట్టుమచ్చతో సహా వేశారా?"

అతను తెల్లరంగు తీసుకుని మొహం మీద పూసేశాడు. మర్నాడు అది ఆరగానే భార్య స్టూలు తెచ్చుకుని కిటికీ అవతల కదలకుండా కూర్చుంది.

"ఇదిగో, కూర్చున్నాను. చూసి వెయ్యండి."

చూసే వేశాడు. ఆమె గుండ్రటి బుగ్గలు చూశాడు, పొట్టి ముక్కు చూశాడు, నవ్వు ఆపుకుంటున్న పెదాలు చూశాడు. చూసింది చూసినట్టు గోడ మీద పెడుతున్నాననే అనుకున్నాడు.

"అయిందా?" అంటూ భార్య లేచి ఊచల్లోంచి తొంగి చూసింది. మరుక్షణం ఒక అడుగు వెనక్కి వేసింది.

అదే కోలమొహం. అదే పుట్టుమచ్చ. అలిసిపోయి, ఎవరికోసమో బలవంతంగా తెరిచి ఉంచినట్టున్న అవే కళ్లు.

"ఏమండీ..." ఆమె గొంతులో ఇందాకటి కోపం లేదు. "నన్ను చూస్తూనే కదా వేశారు?"

"నిన్నే చూశానే."

"చెరిపెయ్యండి. నాకు భయంగా ఉంది."

చెరిపేశాడు. ఆ పూట అన్నం సయించలేదు. కూర్చుంటే నిలబడాలనిపించింది, నిలబడితే కూర్చోవాలనిపించింది. మళ్లీ గుండెల మీద అదే బరువు. గదిలో ఈ గోడ నుంచి ఆ గోడకు ఎన్నిసార్లు తిరిగాడో తెలీదు. తిరిగి తిరిగి, సాయంత్రానికి తన ప్రమేయం లేనట్టే కుంచె అందుకున్నాడు. ముందు కనుబొమలు, తర్వాత కళ్లు. ఆ కళ్లు పూర్తయ్యేసరికి ఊపిరి కుదుటపడింది.

కిటికీ దగ్గర భార్య ఎప్పుడొచ్చి నిలబడిందో, అంతా చూస్తూనే ఉంది.

"ఉండనివ్వండి," అంది మెల్లగా. "ఎవరైతేనేం. ఆవిడ ఉంటే మీ ప్రాణం నెమ్మదిస్తోంది."

ఆ రోజు నుంచి ఇంట్లో పరాయి మనిషి ఉన్నట్టే మసిలారిద్దరూ. భార్య కిటికీ దగ్గరికి వస్తే గొంతు తగ్గించి మాట్లాడేది. అతను చొక్కా మార్చుకోవాలంటే గోడకు వీపు పెట్టేవాడు. పొద్దున్నే లేచి ఆవిడ చుట్టూ ఏదో ఒకటి వేసేవాడు. ఒక రోజు కాళ్ల దగ్గర గడ్డిపూలు, ఒక రోజు ఏట్లో పడవ, ఎండగా ఉందనిపించిన రోజు తల మీదికి ఒక చెట్టుకొమ్మ. రోజులు ఎలా గడిచాయో తెలియలేదు. భుజాలకు శాలువా కప్పాడు కూడా. కానీ ఎంత చల్లని రంగులు వేసినా, ఆవిడ చూపులో అలసట మాత్రం తీరలేదు.

పద్నాలుగో రోజు ఆస్పత్రి నుంచి నర్సమ్మ వచ్చింది. తలుపు తీయించి, అతన్ని మంచం మీద కూర్చోబెట్టి, ఊపిరి చూసేందుకు వేలికి క్లిప్పు తగిలించింది.

"బాగుంది పెద్దాయనా. ఇక మీరు అందరితో కలిసి..."

మాట సగంలో ఆగిపోయింది. ఆమె గోడకేసి చూస్తోంది.

"ఈవిణ్ణి మీరెప్పుడు చూశారు?"

"చూళ్లేదమ్మా. ఎంత వద్దనుకున్నా చేతికి ఆ మొహమే వస్తోంది."

"చూసే ఉంటారు." నర్సమ్మ మంచం అంచున కూలబడింది. "వార్డు చాలక వసారాలో మంచాలు వేశాం కదా, మీ పక్క మంచం ఆవిడే. మీకు తెలివి లేని ఆ మూడు రోజులూ ఊపిరాడక కొట్టుకుంటుంటే, 'భయపడకు తమ్ముడూ, నేనున్నాను' అంటూ మీ చెయ్యి పట్టుకుని అలాగే కూర్చుంది. పడుకోమంటే వినలేదు. ఆవిడ పట్టుకుంటే, ఆ మగతలోనే కళ్లు తెరిచి ఆవిడ మొహంకేసి చూస్తూ మీరు నెమ్మదించేవారు."

గుమ్మంలో నిలబడ్డ భార్యకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఇన్నాళ్లూ భయపడిన ఆ మొహానికి రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టింది.

"ఆవిడ ఇల్లెక్కడో చెప్పమ్మా. ఇద్దరం ఇప్పుడే వెళ్లి కాళ్ల మీద పడతాం."

నర్సమ్మ తల వంచుకుని, అతని వేలి నుంచి క్లిప్పు మెల్లగా తీసింది.

"ఆవిడ ప్రాణం పోయాక, ఆ చేతిలోంచి ఈయన చెయ్యి విడిపించింది నేనేనమ్మా."