రెండో గ్లాసు

ఆసుపత్రి క్యాంటీన్‌లో పెద్దావిడ ఉడికించిన గుడ్డు తింటూ దొరికిపోయింది.

అది చూసిన దర్జీ అమ్మాయికి ఒళ్ళు మండిపోయింది. ఆమెకిప్పుడు ఆరో నెల.

"ఏంటి పిన్నీ ఇది? మనం గుడ్డు ముట్టుకోవచ్చా?"

పెద్దావిడ చేతిలోని గుడ్డు గబుక్కున ప్లేటులో పెట్టేసింది.

దర్జీ అమ్మాయిది పుట్టుకతో వచ్చిన జబ్బు. గుడ్డు, పాలు, పప్పు, మాంసం ఏది తిన్నా ఒంటికి పడక రక్తంలో విషమవుతుంది. ఆ విషం కడుపులో బిడ్డ మెదడుకి సోకుతుంది. అందుకే తూకం వేసుకుని తినే కూరగాయలు, రోజూ మందుపొడి కలిపిన నీళ్ళు. ఆ కంపుకి మొదట్లో గ్లాసెడు తాగి గ్లాసెడు కక్కేది.

అప్పుడే రక్తపరీక్ష గది ముందు బల్ల మీద ఈ పెద్దావిడ పక్కకి జరిగి చోటిచ్చింది.

"నాదీ నీ జబ్బేనమ్మా. రా, కలిసి తాగుదాం. ముందెవరు ఖాళీ చేస్తారో చూద్దాం!"

ప్రతి వారం అక్కడ అదే పందెం. ముక్కు మూసుకుని గటగటా తాగేసి, ఒకరి మొహం చూసి ఒకరు నవ్వుకునేవారు. మిగతా రోజుల్లో ఫోన్. "గ్లాసు పట్టుకున్నావా? ఊఁ, కానీ!" తల్లి లేని ఆ పిల్లకి ఆ గొంతు వింటే ప్రాణం లేచొచ్చేది.

అలాంటి మనిషి గుడ్డు తింటోంది!

"నీతులన్నీ నాకేనా?"

"నోరు కట్టుకోలేకపోయానమ్మా." పెద్దావిడ ప్లేటు పక్కకి నెట్టింది. "నువ్వు మాత్రం తప్పకు."

"ఇంక నాకు ఫోన్ చెయ్యకండి."

నిజంగానే చెయ్యలేదు.

పంతంకొద్దీ అమ్మాయి చివరిదాకా చుక్క వదలకుండా తాగింది. కానీ గ్లాసెత్తిన ప్రతిసారీ చెవులు ఫోన్ మీదే ఉండేవి. ఒక్కసారి మోగితే ఎంత బాగుండును! తనే చేద్దామంటే మొహం చెల్లలేదు.

ఆడపిల్ల పుట్టింది. ఏ లోపమూ లేదన్నాడు డాక్టరు.

కాస్త కోలుకోగానే బిడ్డనెత్తుకుని ఆ బల్ల దగ్గరికి వచ్చింది. బల్ల ఖాళీగా ఉంది.

"పిన్ని రాలేదా సిస్టర్?"

నర్సు బిడ్డ బుగ్గ నిమిరింది. "గుండెపోటొచ్చి పోయిన నెలలో పోయారమ్మా."

అమ్మాయి బల్ల మీద కూలబడింది. "పథ్యం తప్పకుండా ఉంటే..."

"ఆవిడకి పథ్యమేంటి? ఆ జబ్బు వాళ్ళమ్మాయిది. కడుపుతో ఉన్నప్పుడు ఒక్కతే ఆ పొడి తాగలేక మధ్యలో మానేసింది. మనవడికి ఇప్పటికీ మాటల్లేవు."

ఆ జబ్బే లేని మనిషి అన్నాళ్ళూ ముక్కు మూసుకుని ఆ కంపు నీళ్ళు తాగింది, తనొక్కతే అయితే తాగలేకపోతుందని.