ఉరుము లేని మ్యాచ్

"అరవాలనిపించినప్పుడల్లా ఇది కొరకండి," అంటూ భార్య చేతి తువాలు మడిచి కోచ్ జేబులో కుక్కింది.

"నేనేమైనా పళ్ళొస్తున్న పసివాణ్ణా?"

"పసివాళ్ళే నయం, ఏడ్చి ఊరుకుంటారు. మీరు పదకొండు మందిని ఏడిపిస్తారు."

కోచ్ బూట్లు తొడుక్కోవడానికి కూర్చున్నాడు. హాకీ క్లబ్ మేనేజర్ నిన్ననే తేల్చి చెప్పేశాడు. జట్టు వరసగా ఓడుతోంది, ఈ మ్యాచ్ కూడా పోతే ఆయన వేరే కొలువు చూసుకోవాలి. "మనవాళ్ళకి అవతలి జట్టంటే భయం లేదండీ, మీరంటేనే భయం," అని కూడా అన్నాడు. ఉద్యోగం పోతుందన్నందుకు కాదు గానీ, ఆ ఒక్క మాట ఆయన్ని ముల్లులా గుచ్చుతూనే ఉంది.

"మా కోచ్ తిట్లు తినే నేనింతవాణ్ణయ్యాను," అన్నాడు షూ లేసు బిగిస్తూ.

"మీరయ్యారు, సరే. ఆ తిట్లు పడలేక ఆట మానేసినవాళ్ళ మాటేమిటి? రెండు మంచి ముక్కలు చెప్పి చూడండి, మెల్లగా. వినకపోతే నన్నడగండి."

ఆటగాళ్ళు చాటుగా ఆయనకి పెట్టుకున్న పేరు ఉరుము. ఆ సంగతి ఆయనకీ తెలుసు, లోలోపల కాస్త గర్వం కూడాను. ఆయన గీత బయట నిలబడి ఒక్క కేక వేస్తే, పార్కింగ్‌లో కార్లు వాటంతటవే మొత్తుకుంటాయని ప్రతీతి.

డ్రెస్సింగ్ రూమ్ గుమ్మంలో ఫిజియో తన పెట్టె బోర్లించి వెతుక్కుంటున్నాడు. కోచ్‌ని చూడగానే బిగుసుకుపోయాడు.

"దూది కట్ట కనబడట్లేదు సార్. కొత్తది, పొద్దుటే పెట్టాను."

"పోనీలే, ఎవడి బొబ్బలకో తీసుకునుంటాడు."

ఫిజియో చేతిలో కత్తెర జారి పడింది. ఈ మనిషి నోట "పోనీలే" అతను వినడం ఇదే మొదలు.

లోపల అందరూ బెంచీల మీద కూర్చుని ఉన్నారు. కొత్త ఫ్యాషన్ కాబోలు, ఒక్కొక్కడూ తలపట్టీ చెవుల మీదికి దించుకున్నాడు. "ఆడటానికొచ్చారా, అందాల పోటీకొచ్చారా?" అన్న మాట కోచ్ నాలుక చివరిదాకా వచ్చింది. తువాలు తడుముకుని మింగేశాడు.

"ఇన్నాళ్ళూ అరిచాను," అన్నాడు. గొంతు తనకే కొత్తగా వినిపించింది. "మీలో ఎవరు తప్పు చేసినా నా పరువే పోయినట్టు అరిచాను. అది నా పొరపాటు. ఇవాళ నోరెత్తను. మీకు తోచినట్టు ఆడండి. గెలిస్తే మీ గొప్ప, ఓడితే మాట నేను పడతాను."

కెప్టెన్ తలూపాడు. అతన్ని చూసి మిగతావాళ్ళూ ఊపారు. ఒక్కడి మొహంలోనూ ఆశ్చర్యం లేదు. ఎన్నాళ్ళనుంచి ఈ మాట కోసం కాచుకుని ఉన్నారో పాపం, అనుకున్నాడు కోచ్. ఆయనకి కళ్ళు చెమర్చాయి.

మ్యాచ్ మొదలైన కాసేపటికే మన డిఫెండర్ ఒకడు బంతిని తీసుకెళ్ళి ఎదుటివాడి స్టిక్కుకే అప్పగించాడు. గోల్! కోచ్ తువాలు పళ్ళ మధ్య పెట్టి నొక్కాడు. తప్పు చేసినవాడు బిక్కమొహంతో గీత బయటికి చూడటం, అక్కణ్ణుంచి తిట్లు పడటం, ఆ తిట్ల కంగారులో ఇంకో తప్పు చెయ్యడం ఈ జట్టుకి మామూలే. ఇవాళ ఆ డిఫెండర్ ఇటు చూడనే లేదు. గిర్రున తిరిగి తన చోటికి పరుగెత్తాడు.

అంతే, ఆట మారిపోయింది. ఒకరినొకరు చూసుకుంటున్నారు, స్టిక్కులెత్తి సైగలు చేసుకుంటున్నారు, ఎప్పుడూ చెయ్యని సాహసాలు చేస్తున్నారు. జట్టంతా పాదరసం అని పిలుచుకునే ఫార్వర్డ్ అయితే అంపైర్ విజిల్ వేశాక కూడా బంతి తీసుకుని పరుగో పరుగు. గ్రీన్ కార్డు చూపించి రెండు నిమిషాలు బయట కూర్చోబెట్టారు. ఎంతగా లీనమైపోయాడో వెర్రినాగన్న, అని కోచ్ మురిసిపోయాడు. మొన్నటిదాకా అయితే వాడి ఏడు తరాలూ మైదానంలోకి వచ్చేవి.

వాడే తిరిగొచ్చి స్కోరు సమం చేశాడు.

ఆఖరి నిమిషంలో పెనాల్టీ కార్నర్ దొరికింది. ఎవడు కొట్టాలో, ఎటు కొట్టాలో చెప్పడం కోచ్ జన్మహక్కు. తువాలు చిరిగేలా కొరికాడు. మైదానంలో కెప్టెన్ వేళ్ళు చూపించాడు, నలుగురూ తలలూపారు. బంతి వెళ్ళి పెట్టెలో పెట్టినట్టు గోల్ మూలన పడింది. గెలిచేశారు.

మేనేజర్ పరుగెత్తుకొచ్చి కోచ్ చేతులు పట్టుకున్నాడు. "ఏం మంత్రం వేశారండీ?"

"నోరు మూసుకున్నాను," అన్నాడు కోచ్.

"అయితే వచ్చే సీజన్ కూడా మీరే మూసుకోండి!"

కోచ్ నేరుగా డ్రెస్సింగ్ రూమ్‌కి వెళ్ళాడు. కెప్టెన్ ఒక్కడే బెంచీ మీద చెమట తుడుచుకుంటున్నాడు. పక్కన కూర్చుని భుజం మీద చెయ్యి వేశాడు.

"ఇందాక నేను చెప్పిన నాలుగు మాటలు ఇంత పని చేస్తాయనుకోలేదు నాయనా," అన్నాడు మెల్లగా. "మనిషి మారడానికి వయసు అడ్డం కాదని ఇవాళ తెలిసింది. ఇకమీదట ఎప్పుడూ ఇంతే, అరవను."

కెప్టెన్ ఇందాకటిలాగే తలూపి, నవ్వి, తలపట్టీ విప్పాడు.

ఆ తర్వాత రెండు చెవుల్లోంచీ దూది తీసి, "ఇప్పుడు చెప్పండి సార్," అన్నాడు.