రెండు డిస్కులు

పసిబిడ్డ పోతే గుర్తులు ఇంట్లో ఉంచకూడదని అత్తగారు పాప ఊయల, గౌన్లు అన్నీ గుండ్లకమ్మ ఏట్లో వదిలించింది. సుచరిత ఫోన్‌లోని ఫొటోలు మాత్రం మిగిలాయి.

మూడు నెలలకు ఆమె భర్త వంశీ, తను పనిచేసే పలకల ఫ్యాక్టరీ వాళ్లు ఎప్పుడో వద్దనుకుని ఇచ్చిన కంప్యూటర్‌ను అటక మీంచి దించాడు. రెండు హార్డ్‌డిస్కులు బిగించి, ఇంటి వైఫైకి, టీవీకి కలిపాడు. రెండు రోజులు దాని ముందే కూర్చున్నాడు.

"పాప ఫొటోలన్నీ దీంట్లోకి ఎక్కినాయి. ఒక డిస్కు చెడిపోయినా ఇంకోదాంట్లో ఉంటాయి. చూడు."

టీవీ నిండా పాప బోసినవ్వు. పాప పోయినాక మొదటిసారి సుచరిత అతని చెయ్యి పట్టుకుంది.

"ఇంక ఫోన్లోటివి తీసెయ్. పొద్దస్తమానం అవే చూసుకుంటా ఉంటే ఏమైపోతావు? చూడాలనిపిస్తే ఈ పెట్టె ఉంది గదా."

ఆమె ఒక్కో ఫొటోనూ ముద్దు పెట్టుకుని తీసేసింది. నాలుగు వందల పన్నెండు. ఫోన్‌లో ట్రాష్ మాత్రం వంశీనే ఖాళీ చేసిచ్చాడు.

మరునాడు పాప మొదటి పుట్టినరోజు. సుచరిత తలస్నానం చేసి వచ్చి టీవీ పెట్టింది. ఒక్క ఫొటో కూడా లేదు.

"ఏమయ్యా, పాప ఏది?"

"ఫోన్లో తీసేస్తే దీంట్లోనూ పోయేటట్టు కలిపినా. రెండు డిస్కుల్లోనూ."

"తెలవక అట్ల పెట్టినావా?"

"తెలిసే పెట్టినా. నేను తీసేస్తే బతికినన్నాళ్లూ నన్నంటావని, నీ చేత్తోనే తీయించినా."

వంశీ వైర్లు పీకి చుట్టాడు.

"దీంతో పనైపోయింది. నిచ్చెన పట్టుకో, అటకెక్కిస్తా."