ఎర్రబడాల్సిన చోటు

డాక్టరు గదిలోంచి మొగుణ్ణి చక్రాల కుర్చీలో తోసుకుంటూ ఇన్‌షిరాహ్ బయటికొచ్చింది. చేతిలో మెదడు స్కాన్ ఫిల్ము ఉంది.

మందులు కొనుక్కుని అప్పుడే వచ్చిన కూతురు విదాద్ ఆత్రంగా అడిగింది. “ఏమన్నాడమ్మా?”

“ఇదిగో, ఈ నీలంగా ఉన్నది మీ నాన్నకి మాట పుట్టే చోటంట. అక్కడ రక్తం సరిగ్గా ఆడట్లేదంట. ఎర్రబడితే మాటొస్తుందంట.”

“ఎలా ఎర్రబడుతుంది?”

“రోజూ కోపం తెప్పించాలంట,” అని ఇన్‌షిరాహ్ నిట్టూర్చింది. “ఏం చేస్తాం, రాసిపెట్టింది పడాలి.”

కుర్చీలో హాజీ షెహాతా కళ్లు పెద్దవి చేసి, ఎడమ చెయ్యి గాల్లో ఆడించాడు.

“చూశావా, అప్పుడే పనిచేస్తోంది,” అంది ఇన్‌షిరాహ్.

షెహాతా అలెగ్జాండ్రియా ట్రాముల్లో ఇన్‌స్పెక్టరుగా చేశాడు. ఆయన అరిస్తే డ్రైవర్లే సీట్లోంచి లేచి నిలబడేవారు. ఇంట్లో సరేసరి. కాపురానికొచ్చిన నాటి నుంచీ ఇన్‌షిరాహ్ నోట “అలాగే హాజీ” తప్ప రెండో మాట విన్నవాళ్లు లేరు. అలాంటి మనిషికి పక్షవాతం వచ్చి కుడి చెయ్యీ, కాలూ, మాటా ఒకేసారి పడిపోయాయి. ఇక ఎప్పటికీ మాట్లాడడేమోనని విదాద్ కుమిలిపోయింది.

మర్నాడే వైద్యం మొదలైంది. వెల్లుల్లి తాలింపు లేని ములూఖియా ఆకుకూర తెచ్చి ఇన్‌షిరాహ్ ఆయన ముందు పెట్టింది. మా ఊళ్లో అంతకంటే చిన్న విషయాలకే కాపురాలు కూలాయి.

“అచ్చం మీ చెల్లెలు వండినట్టే ఉంది కదూ?”

హాజీ మొహం కందగడ్డయింది.

సాయంత్రం చూడ్డానికొచ్చిన ఇరుగుపొరుగుకు టీలిచ్చి, మళ్లీ అందుకుంది. “ఊరంతా చెప్పుకున్నావే, ఆ పెద్ద చేప! నీ గాలానికి పడిందేనా? కడిగినదాన్ని నేను. దాని మొప్పల్లో బజారు ఐసుముక్కలు ఇంకా కరగలేదు.”

అందరూ టీ గ్లాసుల చాటున నవ్వుకున్నారు. హాజీ గోడకు తగిలించిన ఫిల్ముకేసి పదేపదే వేలు చూపించాడు.

“పాపం, ఇంకా కావాలంటున్నాడు,” అని ఇన్‌షిరాహ్ కుర్చీ దగ్గరికి లాక్కుని అత్తగారి సంగతి ఎత్తింది.

విదాద్ ఉండబట్టలేక ఏడ్చింది. “చాల్లేమ్మా, నాన్న మొహం చూడలేకపోతున్నాను.”

“నాకేమన్నా సరదానా? చేదని మందు మానేస్తామా?” అంది తల్లి. అన్నదే గానీ, ఈమధ్య ఆవిడ బాగా ఒళ్లు చేసింది.

చలికాలం పోయేసరికి హాజీ కుడిచేతి వేళ్లు కదిలాయి. గొంతులో గురగుర మొదలైంది. మళ్లీ స్కాన్ తీశారు. డాక్టరు పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి ముచ్చటపడ్డాడు. నీలం దాదాపు పోయింది. ఆ చోటంతా ఎర్రగా ఉంది.

“రక్తం బ్రహ్మాండంగా ఆడుతోంది. ఇంట్లో ఏం చేస్తున్నారో గానీ, మానకండి.”

“అంతా మీరు చెప్పినట్టే చేస్తున్నాం డాక్టరు గారూ,” అంది విదాద్ కళ్లు తుడుచుకుంటూ.

హాజీ పెదాలు వణికాయి. ఆయన పెళ్లాం వైపు తిరిగి, ఒక్కో మాటా కూడదీసుకుంటూ అన్నాడు: “నాకు... కోపం తెప్పించొద్దని... కదే... ఆయన నీకు చెప్పింది.”