చురుక్కుమనే నూనె

షైనీ,

నువ్వు పంపింది నూనె కాదే. ముప్పై ఏళ్లు సైన్సు చెప్పినదాన్ని, సీసా వెనక చదివాను. మెగ్నీషియం ఉప్పు కలిపిన నీళ్లు. పేరు మాత్రం నూనె.

సాయంత్రం గడపలో కూర్చుని పిక్కలకు రుద్దుకుంటుంటే పక్కింటి బాలనర్సమ్మ గోడ మీదుగా చూసింది. వాళ్ల మునగకొమ్మ కొట్టించానని రెండేళ్లుగా నాతో మాట్లాడని మనిషి.

"మీ చర్చిల ప్రార్థన జేసిన నూనెనా వదినా? నా పిక్కలు మస్తు గుంజుతున్నయి. జర నాగ్గూడ రుద్దు."

కాదంటే గోడ అవతలే ఉండిపోతుంది. నేను అబద్ధమాడలేదు, జవాబు చెప్పలేదంతే. రుద్దాను. చురుక్కుమంది. మహిమ అంది.

అప్పటి నుంచి రోజూ వస్తోంది. సీసా అయిపోయి పది రోజులైంది. కుళాయి నీళ్లు నింపి రుద్దుతున్నాను. నిన్న అడిగేసింది.

"చురుక్కుమంటలేదు. ఉత్త నీళ్లే గదా వదినా?"

నేను సీసాకు మూత పెట్టబోయాను.

"నువ్వు నీళ్లు నింపిన మొదటి రోజే నాకు ఎరుక. నీళ్లయితేంది, రుద్దు. అయినంక నీ కాళ్లు నేను ఒత్తుత."

ఆదివారం వచ్చేటప్పుడు ఇంకో సీసా తేకు. ఉప్పల్‌లో మెట్రో దిగి, నాచారం ఆటో ఎక్కేముందు రెండు పొట్టి స్టూళ్లు కొను. గడప మీద ఇద్దరం వంగలేకపోతున్నాం.

నీ అమ్మమ్మ