వీరమ్మ పక్కన ఖాళీ

గోదావరి లంకలో రెల్లుకు నిప్పంటుకుని పదకొండు పాకలు కాలిపోయి ఐదు రోజులైంది. ప్రాణనష్టం లేదన్నారు. ప్రతి కుటుంబం కాలిన ఇంటి ముందు నిలబడి ఫోటో దిగాలి. అందులో లేని మనిషికి సాయం బియ్యం రావు. రాజోలు స్టూడియో నుంచి వచ్చిన ముత్యాలరాజు చివరి ఇంటికి చేరేసరికి చీకటి పడిపోయింది.

వీరమ్మ, ఆవిడ భర్త, అత్తగారు, ఇద్దరు పిల్లలు మొండిగోడ ముందు వరసగా నిలబడ్డారు. వీరమ్మ పక్కన ఒక మనిషి పట్టేంత ఖాళీ.

"దగ్గరగా జరగండమ్మా. మామ్మగారు ఫోటోలో పడట్లేదు. ఆవిడ బియ్యం పోతాయి."

"ఆయ్, తెలుసండీ. జరగలేమండీ," అంది వీరమ్మ. "అక్కడ వేడండీ."

"ఐదు రోజుల తరవాత వేడేంటమ్మా?" అని నవ్వుతూ వెళ్ళి ఆ ఖాళీలో చెయ్యి పెట్టాడు. కాలిన పెనం దగ్గర పెట్టినట్టుంది. కాళ్ళ కింద బూడిద మాత్రం చల్లగా ఉంది.

చెయ్యి లాక్కుని వెనక్కి వచ్చాడు. ఇంకో నాలుగడుగులు వెనక్కి జరిగి, ముసలావిడ కూడా పడేలా చూసుకుని మీట నొక్కాడు. ఫ్లాష్ వెలిగి ఆరింది. కళ్ళకు చీకట్లు కమ్మాయి. బూడిదలో ఎవరో నడిచిన చప్పుడైంది.

చూపు కుదుటపడేసరికి ఐదుగురూ ఒకరినొకరు ఆనుకుని నిలబడి ఉన్నారు. మధ్యలో ఖాళీ లేదు.

"ఇప్పుడు ఇంకోటి తీయండి బాబూ, అందరం బాగా పడతాం," అంది ముసలావిడ.

వాళ్ళెవరూ కెమెరా వంక చూడటం లేదు. అతని ఎడమ పక్కకి చూస్తున్నారు.

ఎడమ భుజం మీద చొక్కా వెచ్చబడుతోంది. ముత్యాలరాజు అటు తిరగకుండా రీలు తిప్పాడు.